అరచేతిలో గ్రీజు

"వెన్నలా ఉంది" అన్నాడు బాబాయ్, డబ్బాలోంచి తీసిన గ్రీజును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూస్తూ. ఎప్పుడూ అనే మాటే, ఎప్పటి గొంతే, అందుకే ఆమె తలెత్తి చూడలేదు. రేకుల షెడ్డులో నేలమీద పరిచిన పాత దుప్పటి అంచున గొంతుక్కూర్చుని, కిరోసిన్‌లో కడిగిన బేరింగులను గుడ్డతో ఒత్తి ఆరబెడుతోంది. పెద్దది చక్రానికి లోపలివైపు కూర్చునేది, చిన్నది బయటివైపుది, రెండింటికీ చుట్టూ చిన్న చిన్న ఉక్కు రోలర్లు, వేలు తగిలితే చాలు గలగలమని తిరిగేవి. వ్యాను ముందు భాగం ఒక పక్క జాకీ మీద లేచి, దన్నుగా పెట్టిన కర్రమొద్దు మీద ఆని, విప్పేసిన చక్రం లేక బోసిపోయి, డాక్టరుకి కాలు చాపి చూపిస్తున్న ముసలమ్మలా ఉంది. ఇవాళ సాయంత్రం ఈ ముసలమ్మే ఇంట్లో ఉతికిన దుప్పట్లన్నీ మోసుకుని ఏటవాలు రోడ్డు దిగి ఆసుపత్రికి వెళ్ళాలి. బాబాయ్ నడుపుతాడు, పక్క సీట్లో అమ్మ కూర్చుంటుంది, ఒళ్ళో లెక్కగా మడిచిన దిండుగలీబులు పెట్టుకుని, దిగుడు వచ్చినప్పుడల్లా కిటికీ పట్టుకుని. గోడ అవతల ఇస్త్రీ పెట్టె బల్లను తాకుతున్న చప్పుడు, దభ్, కాస్త ఆగి మళ్ళీ దభ్, అంటే అమ్మ ఒంటి చేత్తో పని కానిస్తోందన్నమాట, కూతుర్ని ఇటు పంపేసినందుకు లోపల్లోపల సణుక్కుంటూ. "ఆ నల్ల చేతులతో మళ్ళీ నా బల్ల దగ్గరికి రాకు" అని మాత్రం పైకే అంది.

ఈ ఇంట్లో ఆ మాట మొదట పడింది బాబాయ్‌కే. తెల్ల దుప్పట్లు ఉతికి బతికే ఇంటికి గ్రీజు చేతుల మనిషి రావడమేమిటని ఎవరైనా నవ్వుకుని ఉంటారు అప్పట్లో. ఆమెకప్పుడు నవ్వు రాలేదు. తీగల మీద ఆరేసిన దుప్పట్ల వెనక నిలబడి, కింద అంచు నుంచి అతని చెప్పులు మాత్రమే చూసింది, నూనె పీల్చుకుని నల్లబడ్డ తోలు చెప్పులు, మడమ దగ్గర ఒకటి తెగి తీగతో కుట్టుకున్నది. "నాన్న అను" అంది అమ్మ, దుప్పటికి అటువైపు నుంచి. ఆ మాట ఆమె అప్పటికే ఒకరికి ఇచ్చేసింది, పుచ్చుకున్న మనిషి తిరిగిరాని చోటికి వెళ్ళిపోయాడు, దాన్ని వెనక్కి తీసుకుని ఇంకొకరికి ఎలా ఇస్తుంది, అని ఇప్పుడైతే మాటల్లో పెట్టగలదు గానీ అప్పుడు నోరు మెదపకుండా దుప్పటి కొసను నోట్లో పెట్టుకుని నమిలింది, సబ్బు చేదు నాలుకంతా పాకింది. "పోనీలే, బాబాయ్ అననీ. నోటికేది తిరిగితే అదే అననీ" అన్నాయి చెప్పులు. అలా బాబాయ్ అయ్యాడు. ఆయనేమో ఆమెను పేరు పెట్టి పిలవడం మానేశాడు. బల్లకి అందక, పీట వేసుకుని నిలబడి దిండుగలీబులు ఇస్త్రీ చేస్తుంటే చూసి "ఏం మేస్త్రీ" అన్నాడు ఒకరోజు. ఆ పిలుపే ఉండిపోయింది.

చిన్న బేరింగు అయిపోయింది, గ్రీజు పట్టించి దుప్పటి మీద పెట్టాడు. ఇప్పుడు పెద్దది. ఎడమ అరచేతిలో నిమ్మకాయంత గ్రీజు ముద్ద, కుడిచేత్తో బేరింగు పట్టుకుని దాని వెడల్పు అంచును ముద్దలోకి గుచ్చి, అరచేతికేసి నొక్కి లాగడం, మళ్ళీ నొక్కి లాగడం, అట్లా నొక్కుతూ పోతే ఇటు ఎక్కించిన గ్రీజు రోలర్ల సందుల్లోంచి దూరి అటు పైకి సన్నటి పురుగుల్లా లేస్తుంది, లేచాక బేరింగును కాస్త తిప్పి పక్క రోలరు, ఆ తర్వాత దాని పక్కది. పైన పూస్తే సరిపోదు, కడుపు నింపాలి అంటాడు. చిన్నప్పుడు ఆ పురుగుల కోసమే షెడ్డు గుమ్మంలో కూర్చునేది, అవి లేచే దాకా ఊపిరి బిగబట్టేది, అమ్మ కేకేస్తే వినపడనట్టు ఉండేది. అప్పటి బాబాయ్ అరచెయ్యి ఎంత వెడల్పు, దాని కొలత ఆమెకు బాగా తెలుసు. వచ్చిన కొత్తలో ఆయన తీగ మీంచి జారిపడ్డ తడి దుప్పటిని నేల తాకకుండా పట్టుకున్నాడు, పట్టుకున్నది పని చేతులతో. అయిదు వేళ్ళూ అరచెయ్యీ అచ్చు గుద్దినట్టు పడ్డాయి దాని మీద. అమ్మ ఉతికింది, ఉడకబెట్టింది, నిమ్మరసం పోసి ఎండకేసింది, నలుపు పోయి పసుపచ్చగా మిగిలింది గానీ అచ్చు వదల్లేదు. ఆసుపత్రికి పనికిరాదని కూతురి మంచం మీద పరిచేసింది. పడుకుని, ఎవరూ చూడటం లేదని చూసుకుని, ఆ అచ్చులో తన చెయ్యి పెట్టి చూసుకునేది ఆమె. మొత్తం చెయ్యి అరచేతి గుంటలోనే ఇమిడిపోయేది, వేళ్ళ దాకా వెళ్ళేదే కాదు. ఇప్పుడు మోకాళ్ళ కింద ఉన్నది ఆ దుప్పటే, దాని మీద పడని మరక లేదిప్పుడు, అయినా ఆ అచ్చు ఏ మూల ఉందో చూడకుండా చెప్పగలదు.

"ఇదిగో. చక్రం హబ్బులో కూర్చోబెట్టు" అని ఆయన పెద్ద బేరింగు అందించాడు. అందుకుంది. అంచున ఎక్కువైన గ్రీజును వేలితో చుట్టూ తుడిచింది, అలవాటుగా. వేలు ఆగింది.

చిన్న పలుకు, ఆవగింజలో సగం కూడా ఉండదు. దాని పక్కనే ఇంకోటి. వేలు ఆగాక ఆలోచన వచ్చింది, ముందు కాదు. ఇస్త్రీ చేసే చేతికి అంతే, మడత మీద అరచెయ్యి పోనిచ్చేటప్పుడు విరిగిన బొత్తాం ముక్కో, ఎండిన మాత్ర పొడో ఉంటే చెయ్యి తనంతట తానే ఆగుతుంది, దులిపేస్తుంది, మనసు ఎక్కడో ఉంటుంది. ఇప్పుడు మనసు పరిగెత్తుకుంటూ వేలి దగ్గరికి వచ్చింది. ఇసుక. గ్రీజులో ఇసుక. బొటనవేలితో కలిపి రుద్దింది, కరకర. అనుమానం లేదు. ఆయన ఇందాక రుద్దాడు కదా, ఇలాగే, ఇదే గ్రీజుని. వెన్నలా ఉందన్నాడు కదా.

ఆమె తల తిప్పకుండా కళ్ళు మాత్రం తిప్పి చూసింది. వ్యానుకి అటుపక్క, పొద్దున ఆయన ఒక్కడే కూర్చుని బిగించేసిన చక్రం దగ్గర, నేలమీద ఇసుకలో గుండ్రటి అచ్చు ఒకటి, డబ్బా మూతంత, జిడ్డుగా మెరుస్తోంది. మూత బోర్లా పడింది. తీసి ఉంటాడు. మూతకంటుకున్న గ్రీజు పారెయ్యడం ఆయనకు చేతకాదు, అన్నం గిన్నె అంచు తుడిచినట్టు వేలితో తుడిచి తిరిగి డబ్బాలోనే వేసి ఉంటాడు, ఎప్పుడూ చేసే పనే, కాకపోతే ఎప్పుడూ వేలు చెప్పేది, ఇవాళ చెప్పలేదు. ఇవాళేనా? నిన్న పొగలు కక్కుతున్న టీ గ్లాసు గుడ్డ లేకుండా పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళాడు, "ఏం తోలో ఏమో ఈయనది" అని అమ్మ నవ్వింది, తనూ నవ్వింది. చొక్కా గుండీలు పెట్టమని అమ్మ ముందుకి మెడ చాచి నిలబడితే, ఈ వయసులో ఈ గారాలేమిటంది అమ్మ, ఆయన కళ్ళు సరిగ్గా ఆనడం లేదన్నాడు, కళ్ళజోడు నుదుటి మీదే ఉంది. ఇస్త్రీ పెట్టె కాలిందో లేదో చూస్తానని వేలు పెట్టి, పెట్టి, తియ్యడం మర్చిపోయినట్టు ఉంచి, చివరికి వాసన వస్తే తీశాడు. ఆ వేలికి అమ్మ మందు రాసి కట్టు కడుతూ "ఎక్కడ పెట్టుకున్నారు మనసు" అంది. మనసెక్కడికీ పోలేదు. వేళ్ళే పోయాయి. ఎప్పటినుంచో ఒకటొకటిగా, చెప్పకుండా వెళ్ళిపోయాయి, ఆయన ఒక్కడే వాటిని ఇంట్లో ఉన్నట్టు చూపిస్తూ తిరుగుతున్నాడు.

చెప్పాలి. చెప్పకపోతే ఇసుక రోలర్ల మధ్య నలుగుతుంది, ఉక్కు గీసుకుపోతుంది, వేడెక్కుతుంది, ముందు సన్నగా ఈల వేస్తుంది, తర్వాత మూలుగుతుంది, తర్వాత ఏటవాలు రోడ్డు మీద, అంత బరువుతో, అమ్మ కిటికీ పట్టుకుని ఉండగా చక్రం బిగుసుకుపోతే. ఇదంతా ఆయన నేర్పిందే, ఆ ఈలకీ మూలుగుకీ తేడా ఆయన నోటితో చేసి చూపించి నవ్వించాడు. మరి చెప్పడమెలా? "బాబాయ్, ఇసుకుంది" అంటే సరిపోతుంది, రెండే మాటలు. ఆ రెండు మాటలు అన్నాక ఆయన వేళ్ళు చూసుకుంటాడు. ఆ చూపు ఊహించుకోవడానికే ఆమెకు ధైర్యం చాల్లేదు. వీధిలో ఎవరి బండి మొరాయించినా ఆయన ముందు చెయ్యి వేసేవాడు, వేసి, కళ్ళు మూసుకుని, "ఇదిగో ఇక్కడ" అనేవాడు. గ్రీజులో మట్టి ఉంటే కంటికి ఆనదు, వేలికే తెలుస్తుంది అని ఆమె చిన్న వేళ్ళ మధ్య చిటికెడు ఇసుక గ్రీజూ, చిటికెడు మంచి గ్రీజూ పెట్టి కళ్ళు మూయించి ఏది ఏదో చెప్పమనేవాడు. ఎన్నిసార్లు చెప్పినా తప్పే చెప్పేది. ఒకరోజు సరిగ్గా చెప్పింది. ఆయన పరిగెత్తుకుంటూ వెళ్ళి అమ్మకు చెప్పాడు, పరీక్ష పాసైనట్టు. పరిగెత్తిన చేతులు గుమ్మానికి తగిలి, అక్కడ ఆరేసిన దిండుగలీబు మీద ఇంకో అచ్చు పడింది, అమ్మ కేకలు ఆ వీధి చివరిదాకా వినపడ్డాయి.

"ఏం మేస్త్రీ, కొలతలు తీస్తున్నావా? పెట్టెయ్" అన్నాడు.

ఆమె చేతిలోంచి బేరింగు జారింది. జారవిడిచింది అనాలి. దుప్పటి అంచు దాటి, ఇసుక నేల మీద పడేట్టు, కాస్త దొర్లేట్టు కూడా. గ్రీజు ముద్దంతా ఇసుక అద్దుకుని, నువ్వులు దొర్లించిన ఉండలా అయింది. అది ఆగేదాకా ఇద్దరూ చూశారు.

"అయ్యో" అంది ఆమె. కాస్త ఆలస్యంగా అన్నానేమో అనుకుంది.

బాబాయ్ తిట్టినా బాగుండేది. చేతులా అవి చేటలా అనాలి, అమ్మ చేతులే వచ్చాయి నీకు అనాలి, రోజూ వేళాకోళానికి అనే మాటలు అవి. అట్లాంటివేవీ అనకుండా కిరోసిన్ పళ్ళాన్ని కాలితో ఆమె వైపు కాస్త జరిపాడు. ఆమె బేరింగు తీసి అందులో వేసి, బ్రష్షుతో రోలర్ల సందులన్నీ రుద్దుతూ తల వంచుకుంది. కిరోసిన్ మబ్బుగా మారింది, ఇసుక అడుక్కి చేరింది, కొంత ఇప్పుడు పడింది, కొంత అంతకుముందుది, ఏది ఏదో ఇక తెలియదు, తెలియకపోవడమే కావలసింది. ఇది గట్టెక్కింది. మరి చిన్నది? దుప్పటి మీద కూర్చునుంది, అదే డబ్బా గ్రీజు కడుపునిండా తిని. దాన్నీ జారవిడవాలా? ఒకటి జారితే పొరపాటు, రెండోది జారితే నాటకం. పోనీ దానికీ ఏదో వంక దొరుకుతుందనుకున్నా, అటుపక్క చక్రం? పొద్దున బిగించేసి, పిన్ను గుచ్చేసి, మూత కొట్టేసి, చేతులు కడుక్కుని "ఒక పక్క అయింది" అని అమ్మకు చెప్పిన చక్రం, ఆ డబ్బా మూత అచ్చు పక్కనే ఉన్న చక్రం, దాన్నేమని జారవిడుస్తుంది? గోడ అవతల ఇస్త్రీ చప్పుడు ఆగింది. అమ్మ మూటలు కడుతున్నట్టుంది. ఆ మూటలు ముడి వెయ్యడానికి అమ్మకు రెండో చెయ్యి కావాలి, రోజూ ముడి మీద వేలు పెట్టి నొక్కి పట్టేది బాబాయే, గట్టిగా లాగితే ఆయన వేలు ముడిలో ఇరుక్కునేది, ఇద్దరూ ఏడాది పొడుగునా అదే సరసానికి నవ్వుకునేవారు. ఈమధ్య అమ్మ పళ్ళతో బిగిస్తోంది. అమ్మకు తెలుసా? తెలిసి ఊరుకుందా? ఇంట్లో అందరూ ఎవరి చోట వాళ్ళు ఊరుకుంటూ, ఆ ఊరుకున్నవన్నీ కలిసి ఇవాళ దిగుడు రోడ్డెక్కుతున్నాయా?

బేరింగు తుడిచి ఆరబెట్టింది. డబ్బా దగ్గరికి లాక్కుంది. చెంచా తీసుకుని, పైపైన తీయకుండా ఓ పక్కగా లోతుకు గుచ్చి, అడుగు నుంచి తీసింది.

"అడుగు నుంచి తీస్తున్నావేం?"

"పైది ఎండినట్టుంది బాబాయ్."

"ఎండిందా."

"కొంచెం."

అబద్ధం ఆడినప్పుడు ఆమె ఎడమ చెవి ఎర్రబడుతుందని చెప్పింది బాబాయేనని గుర్తొచ్చి, జుట్టు చెవి మీదికి లాక్కుందామంటే చెయ్యి నిండా గ్రీజు. ఆయన ఆమెనే చూస్తున్నాడని తెలుస్తోంది. చిన్నప్పటి నుంచీ ఈ చేతుల్లోంచి ఏదైనా జారడం ఆయన చూశాడా? పీట మీద నిలబడ్డ రోజుల్లో కూడా నిప్పులాంటి పెట్టెను ఒక్కసారి జార్చలేదు. ఆయన చూపు ఆమె చెవి మీంచి చేతుల మీదికి, చేతుల మీంచి డబ్బా మీదికి, డబ్బా మీంచి వ్యాను అటుపక్కకి వెళ్ళింది. అక్కడ ఆగింది. ఇందాక ఆమె చూపు ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడ. తర్వాత ఆయన డబ్బాలోకి వేలు పెట్టి, పైనున్న గ్రీజు కాస్త తీసుకుని, రెండు వేళ్ళ మధ్య రుద్దాడు. చాలాసేపు రుద్దాడు. పక్కింటి పిల్లాడెవరో లెక్కల ఎక్కం వల్లిస్తున్నాడు, అది చివరికొచ్చి మళ్ళీ మొదలయ్యేదాకా రుద్దాడు. ఏమీ వినపడని ఫోనును చెవికి ఆనించుకుని కూర్చున్న మనిషిలా ఉంది ఆయన మొహం. ఆమెకు లేచి వెళ్ళి ఆ వేళ్ళు పట్టుకోవాలనిపించింది, పట్టుకుంటే ఆయనకు తెలుస్తుందా అన్న ఆలోచన వెంటనే వచ్చింది, అలాగే కూర్చుంది.

ఆయన ఆ గ్రీజును నాలిక చివర పెట్టుకున్నాడు. పళ్ళ మధ్య కరకర. ఆమెకూ వినపడింది.

ఉమ్మేశాడు. భుజానికి మూతి తుడుచుకున్నాడు. దుప్పటి మీదున్న చిన్న బేరింగు తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, కిరోసిన్ పళ్ళెం మీదికి తెచ్చి, వేళ్ళు వదిలాడు. బుడుంగున మునిగింది.

"నాదీ జారింది" అన్నాడు.

ఆమె నవ్వబోయింది, నవ్వు వచ్చేలోపు కళ్ళు నిండాయి, తుడుచుకుందామంటే మళ్ళీ అదే గ్రీజు చేతులు, మోచేత్తో తుడుచుకుంది. ఆయన చూడనట్టు బ్రష్షు తీసుకుని చిన్న బేరింగు రుద్దడం మొదలుపెట్టాడు. రుద్దుతూనే, బ్రష్షుతో మాట్లాడుతున్నట్టు, "చలికాలంలో మొద్దుబారాయనుకున్నా. ఎండలొస్తే వస్తాయిలే అనుకున్నా. ఎండలూ వచ్చాయి" అన్నాడు. ఇంకో నాలుగు సార్లు రుద్ది, "మీ అమ్మకి నేను చెప్తాను. నువ్వు చెప్పకు" అన్నాడు. ఆమె తల ఊపింది. డాక్టరు దగ్గరికి వెళ్దాం అనలేదు, అది రేపటి మాట, రేపు తను కూడా వెంట వెళ్తుంది, అది అడిగి చేసే పని కాదు.

గుమ్మంలో అమ్మ నిలబడింది, నడుమున చెయ్యి, చీర కొంగు నిండా దారప్పోగులు. "ఇంకా చక్రమే ఎక్కలేదా? మూటలు కట్టేశాను. ఆసుపత్రి వాళ్ళు దుప్పట్లు లేక పేషెంట్లని నిలబెట్టి ఉంచుతారేమో కనుక్కోండి."

"ఆలస్యమవుతుందని ఫోన్ చెయ్యి. అటుపక్క చక్రం కూడా విప్పాలి."

"అది పొద్దున చేశారుగా?"

"చేశాను." ఆయన కిరోసిన్‌లోంచి చిన్న బేరింగు తీసి, విదిలించి, దుప్పటి మీద పెట్టాడు, సరిగ్గా ఆ పాత అచ్చు ఉన్న మూల, చూసి పెట్టాడో చూడకుండా పెట్టాడో. "మేస్త్రీ ఇంకోసారి చూస్తుంది."

అమ్మ ఆయన మొహం చూసింది, ఆ తర్వాత కూతురి చెవి చూసింది. ఏదో అనబోయి, కొంగుకున్న దారప్పోగు ఒకటి పీకి, గాల్లోకి వదిలి, "సరే, నాకు ముడులు వెయ్యడానికి ఎవరైనా రండి తర్వాత. పళ్ళు ఊడేట్టున్నాయి" అని లోపలికి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ ఆయన భుజం మీద, కిరోసిన్ చుక్కలు పడ్డ చొక్కా మీద, ఇస్త్రీ వేడి ఇంకా వదలని చెయ్యి వేసి తీసింది. భుజానికి తెలిసే ఉంటుంది, ఆయన అటు తిరిగాడు.

ఎండ రేకుల మీంచి దిగి గోడ మీదికి వచ్చింది. పనికిరాని పైపొర గ్రీజంతా చెంచాతో గీకి పాత కాగితంలో వేశాడు బాబాయ్, ఈసారి వృథా అనుకోలేదు. అడుగున మిగిలింది నునుపుగా, పచ్చటి తేనె రంగులో ఉంది. నిమ్మకాయంత ముద్ద తీసి, చెంచాతో పట్టుకుని ఆమె వైపు చూశాడు. ఆమె ఎడమ అరచెయ్యి చాపింది. చిన్నప్పుడు ఒక అచ్చు గుంటలో ఇమిడిపోయిన చెయ్యి అది. ఇప్పుడు సబ్బుకి పగిలి, ఇస్త్రీకి గట్టిపడి, వెడల్పుగా తయారైంది. ఆయన ముద్దను అందులో పెట్టాడు, అన్నం ముద్ద పెట్టినంత జాగ్రత్తగా, అంచు దాటి జారకుండా చెంచాతో ఒకసారి సర్దాడు. ఆమె బేరింగు తీసుకుంది గానీ వెంటనే నొక్కలేదు. ఆయన ఇంకా ఆ చేతి వైపే చూస్తున్నాడు, ఏదో అడగాలని ఉన్న మనిషిలా.

"చల్లగా ఉందా?" అన్నాడు.

ఆమె కళ్ళు మూసుకుంది. వేళ్ళు మడిచి ముద్దను కొంచెం నలిపింది. ఎక్కడా ఏదీ తగల్లేదు.

"చల్లగా ఉంది బాబాయ్" అంది. "వెన్నలా ఉంది."